జైలులో సంస్కరణ ఎంతవరకు సాగుతోందో తెలుసుకోవడం ఎలా: రద్దీని, సిబ్బంది కొరతను లెక్కగట్టే పద్ధతి

జైలును చూడటానికి వచ్చిన వారికి అధికారులు సాధారణంగా కుట్టుమిషన్ల గది, గ్రంథాలయం, బేకరీ, కొత్తగా రంగులు వేసిన ములాఖత్ గది చూపిస్తారు. అవన్నీ ఉండవలసినవే. కానీ ఆ గదుల తాళాలు రోజూ తీసేవారు, అక్కడికి ఖైదీలను తీసుకువెళ్లి తిరిగి తెచ్చేవారు, పని నేర్పేవారు, ఒక్కొక్క ఖైదీతో తీరికగా కూర్చుని మాట్లాడేవారు లేనప్పుడు ఆ గదుల వల్ల ఎవరి జీవితమూ మారదు. జైలు రద్దీ అనగానే పడుకోవడానికి చోటు చాలని బ్యారక్ గుర్తుకు వస్తుంది. ఆ బాధ నిజమే. అంతకంటే తక్కువగా కనిపించి ఎక్కువ నష్టం చేసేది ఇంకొకటి ఉంది: రద్దీ సిబ్బంది సమయాన్ని మింగేస్తుంది, ఖాళీ పోస్టులు ఉన్న కాస్త సమయాన్నీ లేకుండా చేస్తాయి. ఖైదీ సంస్కరణ అన్నది చివరకు ఒక మనిషి ఇంకొక మనిషికి కేటాయించగలిగే సమయం మీదే నిలబడుతుంది కాబట్టి, ఒక జైలును అంచనా వేయాలంటే ఆ సమయాన్నే కొలవాలి.

జిల్లా న్యాయసేవాధికార సంస్థ తరఫున జైళ్లకు వెళ్లే న్యాయవాదులు, పారా లీగల్ వాలంటీర్లు, అధికారేతర సందర్శకులుగా నియమితులైన పౌరులు, న్యాయశాస్త్రం, సామాజిక సేవ చదివే విద్యార్థులు, జిల్లా విలేఖరులు ఈ కొలత ఎలా చేయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. భారతదేశంలోని జైళ్లను, ముఖ్యంగా రెండు తెలుగు రాష్ట్రాల జైళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినది ఇది.

ఈ పనికి చట్టబద్ధమైన ఆధారం గట్టిగానే ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన మహమ్మద్ గియాసుద్దీన్ కేసులో, 1977లోనే, జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ శిక్ష ఉద్దేశం మనిషిని బాగుచేసి సమాజానికి తిరిగి అప్పగించడమేనన్న దృష్టితో తీర్పు రాశారు. 1996లో రామమూర్తి కేసులో సుప్రీంకోర్టు జైళ్లను పీడిస్తున్న తొమ్మిది సమస్యలను పేర్కొంటూ రద్దీని మొట్టమొదట ఉంచింది. మాజీ ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లహోటీ 2013లో రాసిన లేఖ ఆధారంగా మొదలైన 1382 జైళ్ల కేసులో 2016 ఫిబ్రవరి 5న ఇచ్చిన తీర్పు, ఆ తరువాత 2018లో జస్టిస్ అమితవ రాయ్ నేతృత్వంలో ఏర్పడిన కమిటీ, రద్దీతోపాటు సిబ్బంది ఖాళీలను కూడా మానవ గౌరవానికి సంబంధించిన విషయంగా చూశాయి. కాబట్టి ఈ వివరాలు అడిగేవారు ఎవరి దయనూ కోరడం లేదు.

ముందు ఖైదీల లెక్క

జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా వెలువరించే జైళ్ల గణాంకాల నివేదికతో మొదలుపెట్టండి. 2022 డిసెంబరు 31 నాటి లెక్కల ప్రకారం దేశంలోని 1,330 జైళ్లలో 4,36,266 మందికి చోటు ఉండగా 5,73,220 మంది ఉన్నారు. అంటే ప్రతి వందమంది పట్టే చోట 131 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది, అంటే నూటికి 76 మంది వరకు, నేరం ఇంకా రుజువుకాని విచారణ ఖైదీలే. ఈ రెండు సంఖ్యలను విడదీసి చూడకూడదు. దేశంలోని జైళ్లు నిండిపోవడానికి మొదటి కారణం శిక్షలు కాదు, విచారణల ఆలస్యం, జామీను దొరకకపోవడం.

సగటును మాత్రం నమ్ముకోవద్దు. అదే 2022 నివేదికలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ రాష్ట్ర సగటు నూరు శాతానికి లోపే ఉంది. అది చూసి మన దగ్గర రద్దీ లేదనుకుంటే పొరపాటు. రాష్ట్రం మొత్తానికి తీసిన సగటులో పెద్ద కేంద్ర కారాగారాలలోను, ఓపెన్ జైళ్లలోను (గట్టి కాపలా లేకుండా, ఖైదీల మీద నమ్మకంతో నడిచేవి) మిగిలిన ఖాళీలు, కిక్కిరిసిన జిల్లా జైలునో సబ్ జైలునో కనపడకుండా చేయగలవు. ఒకే జైలులో కూడా శిక్షపడిన ఖైదీల బ్యారక్ విశాలంగాను, రిమాండ్ ఖైదీల బ్యారక్ ఇరుకుగాను ఉండవచ్చు. అందువల్ల జైలు పేరు వారీగా, వీలైతే బ్యారక్ వారీగా, ఆడవారికీ మగవారికీ వేరువేరుగా లెక్క అడగాలి. ఒక్క రోజు సంఖ్య కాకుండా గత 12 నెలల్లో ప్రతి నెల చివరి రోజున ఉన్న సంఖ్య తీసుకోవాలి. పండుగల ముందు, ఎన్నికల ముందు, ప్రత్యేక తనిఖీల కాలంలో ఈ సంఖ్య ఎలా మారుతుందో అప్పుడే తెలుస్తుంది.

ఇక అధికారిక సామర్థ్యం అన్న సంఖ్యను కూడా ఒకసారి సరిచూడాలి. కొత్త గోడ కట్టకుండానే కాగితం మీద సామర్థ్యం పెంచడం కష్టం కాదు. కేంద్ర హోం శాఖ రూపొందించిన 2016 నాటి ఆదర్శ కారాగార నియమావళి బ్యారక్‌లో ఒక్కొక్కరికి 3.71 చదరపు మీటర్ల నేల ఉండాలని, ఒంటరి గది అయితే 8.92 చదరపు మీటర్లు ఉండాలని చెబుతోంది. బ్యారక్ పొడవు, వెడల్పు తెలిస్తే చాలు, అందులో ఎంతమంది ఉండవచ్చో మీరే లెక్కగట్టవచ్చు. 20 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉన్న బ్యారక్ వైశాల్యం 120 చదరపు మీటర్లు, అంటే 32 మందికి సరిపోతుంది. అక్కడ బోర్డు మీద 50 అని రాసి ఉంటే ఆ జైలు ఆక్యుపెన్సీ నూరు శాతమే అన్నమాటకు విలువ లేదు. రాత్రిపూట వాడే మరుగుదొడ్లు పదిమందికి ఒకటి చొప్పున ఉన్నాయా లేదా అన్నది కూడా లెక్కపెట్టండి. తెల్లవారి మరుగుదొడ్డి దగ్గర, స్నానాల తొట్టి దగ్గర గంటల తరబడి వరుసలో నిలబడేవారు పనిగదికి చేరేసరికి సగం పూట గడిచిపోతుంది.

సిబ్బంది లెక్క ఎలా తీయాలి

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. మంజూరైన పోస్టులు ఇన్ని, భర్తీ అయినవి ఇన్ని, ఖాళీలు ఇన్ని శాతం అని రాసి ముగిస్తారు. 2022లో దేశవ్యాప్తంగా జైళ్లకు మంజూరైన 91,181 పోస్టుల్లో 63,578 మాత్రమే భర్తీ అయ్యాయి, అంటే పది పోస్టుల్లో మూడు ఖాళీ. ఈ సంఖ్య పెద్దదే అయినా అసలు తీవ్రతను ఇది సగం కూడా చెప్పదు.

ఒక ఊహా జైలును తీసుకుని లెక్క వేసి చూద్దాం. 600 మందికి కట్టిన జైలుకు వంద మంది వార్డర్లు, హెడ్ వార్డర్లు మంజూరయ్యారనుకుందాం. ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా ఉద్యోగి ఉండాలన్న ఆదర్శ నియమావళి కొలతకు అది సరిపోతుంది. ఇప్పుడు అక్కడ 900 మంది ఖైదీలున్నారు, వార్డర్లు 70 మందే ఉన్నారు. కాగితం మీద చూస్తే ఆరుగురికి ఒకరు ఉండవలసిన చోట పదముగ్గురికి ఒకరు ఉన్నారు. రెట్టింపు భారం అనిపిస్తుంది.

కానీ వార్డర్ ఉద్యోగం మూడు షిఫ్టుల ఉద్యోగం. 70 మందిలో వారాంతపు సెలవు కింద రోజుకు పదిమంది, ఇతర సెలవులు, అనారోగ్యం, శిక్షణల కింద ఆరుగురు తీసేస్తే 54 మంది మిగులుతారు. మూడు షిఫ్టులకు పంచితే ఒక్కొక్క షిఫ్టుకు 18 మంది. ప్రధాన ద్వారం, కాపలా బురుజులు, కంట్రోల్ రూము, ములాఖత్ తనిఖీ, బయటి ఆసుపత్రిలో చేరిన ఖైదీ దగ్గర కాపలా, ఇవన్నీ ఖైదీల సంఖ్యతో పెద్దగా సంబంధం లేకుండా నిండి తీరవలసిన స్థానాలు. వీటికి షిఫ్టుకు 11 మంది పోయారనుకుంటే, 900 మంది ఖైదీల మధ్య తిరగడానికి ఏడుగురు మిగిలారు. ఒక్కొక్కరికి దాదాపు 130 మంది. ఇదే లెక్కను మంజూరైన వంద మందికి, 600 మంది ఖైదీలకు వేస్తే, వారాంతపు సెలవు కింద 14 మంది, ఇతర సెలవుల కింద 8 మంది పోగా మిగిలిన 78 మందిలో షిఫ్టుకు 26 మంది, స్థిరమైన స్థానాలు పోగా 15 మంది, అంటే ఒక్కొక్కరికి 40 మంది ఖైదీలు వస్తారు. ఖైదీలు ఒకటిన్నర రెట్లయ్యారు, సిబ్బంది మూడోవంతు కూడా తగ్గలేదు, అయినా బ్యారక్‌ల మధ్య మిగిలే మనిషి మీద భారం మూడు రెట్లు దాటింది. రద్దీ, సిబ్బంది కొరత రెండూ కలిసినప్పుడు జరిగేది ఇదే. పక్కపక్కన పెట్టి కూడిక చేస్తే ఈ సంగతి తెలియదు. మీరు చూస్తున్న జైలుకు ఇలాంటి లెక్క తప్పక వేయండి. అన్ని షిఫ్టులకూ సమానంగా మనుషులను పంచరు కాబట్టి పగటి షిఫ్టు సంఖ్యను విడిగా అడిగితే ఇంకా మంచిది.

తరువాత చూడవలసింది ఏ పోస్టులు ఖాళీగా ఉన్నాయన్నది. కాపలా పోస్టులు ఎలాగోలా నింపుతారు, ఎందుకంటే ఖైదీ పారిపోతే మరునాడే వార్త అవుతుంది. సంస్కరణకు సంబంధించిన పోస్టు పదేళ్లు ఖాళీగా ఉన్నా ఎవరూ అడగరు. ఆదర్శ నియమావళి ప్రకారం 200 మంది ఖైదీలకు ఒక సంస్కరణాధికారి, 500 మందికి ఒక మనస్తత్వ నిపుణుడు లేదా కౌన్సెలర్, 300 మందికి ఒక వైద్యుడు ఉండాలి. మీ జైలులో ఈ మూడు రకాల పోస్టులు అసలు మంజూరయ్యాయా లేదా అని ముందు అడగండి. మంజూరు కాని పోస్టు ఖాళీల జాబితాలో ఎప్పుడూ కనపడదు. ఖాళీలు సున్నా అని చెప్పే జైలులో కౌన్సెలర్ అన్నవారే ఉండకపోవచ్చు. ఉపాధ్యాయులు, వృత్తి శిక్షకులు ఒప్పంద పద్ధతిలో వస్తున్నారా, ఒప్పందం ముగిశాక ఎన్నాళ్లు విరామం వస్తోంది, ఎన్ని గంటలకు గౌరవవేతనం ఇస్తున్నారు అన్నవి కూడా రాసుకోండి.

రిజిస్టర్లలో ఏమి వెతకాలి

జైలు దినచర్యను గుర్తుపెట్టుకోండి. తెల్లవారాక లెక్కపెట్టి తాళాలు తీస్తారు, పొద్దు వాలకముందే రాత్రి భోజనం పెట్టి మళ్లీ లెక్కపెట్టి బ్యారక్‌లలో మూసేస్తారు. నేర్చుకోవడం, చదువుకోవడం, మాట్లాడుకోవడం, ఆడుకోవడం అన్నీ ఆ మధ్య వేళలోనే జరగాలి. మనుషులు చాలనప్పుడు మొదట కుదించుకుపోయేది ఈ వేళే. ఉదయం తాళాలు అరగంట ఆలస్యంగా తీస్తారు, మధ్యాహ్నం లెక్కింపుకోసం మూసినవారిని తిరిగి వదలడం మానేస్తారు, సాయంత్రం ముందుగానే మూసేస్తారు. దీనికి ఎవరి ఆజ్ఞా అక్కర్లేదు, ఎవరి దురుద్దేశమూ ఉండదు. అందుకే లాకప్ పుస్తకంలో తాళాలు తీసిన సమయం, మూసిన సమయం గత మూడు నెలలవి చూడగలిగితే, ఆ జైలులో సంస్కరణకు మిగిలిన గంటలు ఎన్నో తెలిసిపోతుంది.

పనిగది విషయంలో యంత్రాల జాబితా కాకుండా హాజరు పట్టిక అడగండి. నలభై కుట్టుమిషన్లు ఉన్న గదిలో రోజుకు సగటున ఎంతమంది కూర్చున్నారు, నెలలో ఎన్ని రోజులు గది తెరవలేదు, తెరవని రోజుల్లో కారణం గడిలో ఏమి రాశారు అన్నవి చూడండి. ఆ గడిలో సిబ్బంది లేరన్న మాట నేరుగా రాయరు. వీఐపీ సందర్శన, బందోబస్తు, కోర్టు ఎస్కార్ట్, తనిఖీ వంటి మాటలు పదే పదే కనిపిస్తే అవే సిబ్బంది కొరతకు సాక్ష్యం. గ్రంథాలయంలో పుస్తకాల సంఖ్య కంటే పుస్తకాలు తీసుకున్న వారి పట్టిక ముఖ్యం. చదువు విషయంలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో గానీ ఇగ్నోలో గానీ చేరినవారు ఎందరు, వారిలో పరీక్ష రాసినవారు ఎందరు అన్న రెండు సంఖ్యలూ తీసుకోవాలి. చేరిక నుంచి పరీక్ష దాకా మిగలనివారు ఎందుకు మిగలలేదో అడిగితే, బదిలీలు, రాత్రి వెలుతురు, చదువుకునే మూల లేకపోవడం వంటి కారణాలు బయటికి వస్తాయి. యాభై మంది పడుకునే బ్యారక్‌లో టీవీ మోగుతుండగా డిగ్రీ పుస్తకం చదవడం ఎంత కష్టమో ఆలోచించండి.

కౌన్సెలర్ ఉంటే వారి డైరీలో రోజుకు ఎన్ని పేర్లున్నాయో చూడండి. పేర్లు చూడనివ్వరు, చూడనవసరమూ లేదు, సంఖ్య చాలు. రోజుకు ముప్పై మందితో మాట్లాడినట్లు ఉంటే ఒక్కొక్కరికి పది పదిహేను నిమిషాలకు మించి దక్కలేదని అర్థం. తాగుడు మానలేక, కోపం ఆపుకోలేక, అప్పుల్లో కూరుకుపోయి నేరం చేసిన మనిషి పది నిమిషాల్లో తెరుచుకోడు. పేరు, కేసు, ఏమైనా ఇబ్బందా అన్న మూడు ప్రశ్నలతో ఆ పది నిమిషాలూ అయిపోతాయి.

బయటికి వెళ్లే దారుల మీద కూడా కొరత నీడ పడుతుంది. ఖైదీలను కోర్టుకూ ఆసుపత్రికీ తీసుకువెళ్లే ఎస్కార్ట్ సాధారణంగా జిల్లా సాయుధ రిజర్వు (ఏఆర్) పోలీసులది. వారు బందోబస్తుకు వెళితే వాయిదాకు ఖైదీ హాజరుకాడు, వాయిదా పడుతుంది, రిమాండ్ పొడిగిస్తారు, ఆ ఖైదీ జైలులోనే ఉంటాడు, జైలు ఇంకొంచెం నిండుతుంది. వీడియో ద్వారా హాజరుపరచడం రిమాండ్ పొడిగింపుకు ఉపయోగపడుతోంది గానీ, లాయరుతో చెవిలో మాట చెప్పుకునే అవకాశం అందులో లేదు. గత ఆరు నెలల్లో ఎన్ని వాయిదాలకు ఎంతమందిని పంపవలసి ఉంది, ఎంతమందిని పంపలేకపోయారు అన్న సంఖ్య రద్దీకీ సిబ్బంది కొరతకూ మధ్య ఉన్న విషవలయాన్ని ఒక్క వాక్యంలో చూపిస్తుంది. అలాగే పెరోల్, ఫర్లో (ఖైదీని కొద్ది రోజులు ఇంటికి పంపే సెలవులు) దరఖాస్తులు దాఖలైన తేదీ, పోలీసు లేదా ప్రొబేషన్ నివేదిక వచ్చిన తేదీ, నిర్ణయం తేదీ మూడూ రాసుకోండి. కుటుంబంతో బంధం తెగిపోని ఖైదీకే విడుదల తరువాత నిలదొక్కుకునే అవకాశం ఎక్కువ. తల్లి కర్మకాండ ముగిశాక వచ్చిన పెరోల్ ఆ బంధాన్ని నిలపదు.

ఇంకొక విషయం జాగ్రత్తగా చూడాలి. సిబ్బంది లేని చోట వారి పని ఖైదీలే చేస్తారు. లెక్క రాయడం, పని పంచడం, పడుకునే చోటు కేటాయించడం, ఫోను వరుస చూడటం వంటివి పాత ఖైదీల చేతుల్లోకి వెళతాయి. సత్ప్రవర్తన గల ఖైదీకి బాధ్యత అప్పగించడం మంచిదే, అది వారి సంస్కరణలో భాగమే. పర్యవేక్షణ లేనప్పుడు మాత్రం అదే బాధ్యత పెత్తనమవుతుంది. డబ్బున్నవారికి ఫ్యాను కింద చోటు, లేనివారికి మరుగుదొడ్డి పక్కన చోటు దొరుకుతాయి. పాకీపని, వంటపని ఎవరికి వెళుతున్నాయో కులం కోణంలో కూడా గమనించండి. జైలు నియమావళులలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలను సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో కొట్టివేసింది. నియమం పోయినా అలవాటు పోయిందా అన్నది మీరు చూడవలసిన విషయం.

పద్ధెనిమిది నుంచి ఇరవై ఒకటి మధ్య వయసువారిని, మొదటిసారి వచ్చినవారిని, పాత నేరస్తుల నుంచి వేరుగా ఉంచుతున్నారా అని తప్పకుండా అడగండి. చోటు లేదన్న కారణంతో ముందు వదిలేసే నియమం ఇదే. ఫోను దొంగతనం కేసులో వచ్చిన కుర్రవాడు ఆరు నెలలు ఏ బ్యారక్‌లో పడుకున్నాడన్నది అతని తరువాతి ఇరవై ఏళ్లను నిర్ణయించగలదు. మహిళల విభాగంలో తల్లులతోపాటు ఆరేళ్లలోపు పిల్లలు ఉండవచ్చు, ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు వారి ఆహారం, వైద్యం, క్రెష్, నర్సరీల గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. మహిళా వార్డర్లు తక్కువైతే ఆ పిల్లలు ప్రహరీ బయటి ప్రపంచాన్ని చూసే అవకాశం కూడా తగ్గిపోతుంది.

సమాచార హక్కు దరఖాస్తు

సందర్శనకు అనుమతి దొరకకపోయినా పై సమాచారంలో ఎక్కువ భాగం 2005 సమాచార హక్కు చట్టం కింద పొందవచ్చు. దరఖాస్తును ఆ జైలు సూపరింటెండెంట్ కార్యాలయంలోని ప్రజా సమాచార అధికారికి పది రూపాయల రుసుముతో పంపాలి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే లేదా తృప్తికరంగా లేకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. వివరం వేరే కార్యాలయంలో ఉంటే అక్కడికి పంపించవలసిన బాధ్యత సెక్షన్ 6(3) కింద ఆ అధికారిదే. ప్రశ్నలను ఈ ధోరణిలో రాయండి:

“మీ కారాగారంలో గత 12 నెలల్లో ప్రతి నెల చివరి రోజున ఉన్న ఖైదీల సంఖ్యను విచారణ ఖైదీలు, శిక్షపడిన ఖైదీలు, మహిళలు, 18 నుంచి 21 సంవత్సరాల వయసువారు అనే వర్గాలవారీగా ఇవ్వగలరు. ప్రతి బ్యారక్ నేల వైశాల్యం, నిర్ణయించిన సామర్థ్యం తెలుపగలరు. కేడర్ వారీగా మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవారు, ఇతర కార్యాలయాలకు డిప్యుటేషన్ మీద వెళ్లినవారి సంఖ్య ఇవ్వగలరు. గత ఆరు నెలల్లో వృత్తి శిక్షణ శాలలు తెరిచిన రోజుల సంఖ్య, రోజువారీ సగటు హాజరు తెలుపగలరు. అదే కాలంలో కోర్టు వాయిదాలకు హాజరుపరచవలసిన ఖైదీల సంఖ్య, ఎస్కార్ట్ అందక హాజరుపరచలేకపోయిన వారి సంఖ్య తెలుపగలరు.”

డిప్యుటేషన్ గురించిన మాట మరిచిపోవద్దు. పనిచేస్తున్నవారి జాబితాలో పేరు ఉండి, మనిషి ఇంకెక్కడో కార్యాలయంలో పనిచేస్తుండటం కొత్త విషయమేమీ కాదు. ఎందుకు, ఎలా అన్న ప్రశ్నలు అడగకండి. కాగితం మీద ఉన్న సమాచారమే చట్టం ఇప్పిస్తుంది. ఖైదీల పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని, ఏ స్థానంలో ఎంతమంది కాపలా ఉన్నారని అడిగితే భద్రత అని తిరస్కరిస్తారు, ఆ తిరస్కరణలో న్యాయం కూడా ఉంది. మొత్తం సంఖ్యలతోనే మీ పని జరుగుతుంది.

మనుషులతో మాట్లాడేటప్పుడు

ఖైదీతో మాట్లాడే అవకాశం దొరికితే వార్డర్ వినేంత దూరంలో కాకుండా కనిపించేంత దూరంలో మాట్లాడే ఏర్పాటు కోరండి. చేసిన నేరం గురించి అడగవద్దు. ఇక్కడ బాగుందా అని కూడా అడగవద్దు, ఆ ప్రశ్నకు జైలులో ఒకటే జవాబు ఉంటుంది. నిన్నటి రోజు గురించి అడగండి: నిన్న ఎన్నింటికి తాళం తీశారు, పొద్దుటి నుంచి ఎక్కడెక్కడికి వెళ్లారు, మధ్యాహ్నం ఏం చేశారు, ఏ అధికారి అయినా మిమ్మల్ని పేరుపెట్టి పిలిచి మాట్లాడారా, పోయిన నెల ఇంటికి ఎన్నిసార్లు ఫోను చేయగలిగారు, మీ లాయరు పేరు తెలుసా, తరువాతి వాయిదా ఎప్పుడో తెలుసా. వయసులో పెద్దవారిని మీరు అని, అన్నా, అమ్మా అని పిలవడం మర్యాద మాత్రమే కాదు, అక్కడ చాలాకాలంగా అలాంటి పిలుపు వినని మనిషి మీతో నిజం మాట్లాడటానికి అదే తలుపు తెరుస్తుంది.

వార్డర్లతోనూ తప్పక మాట్లాడండి. ఈ విషయంలో చాలా నివేదికలు వారిని నిందితుల స్థానంలో నిలబెట్టి అన్యాయం చేస్తాయి. వారంలో సెలవు నిజంగా దొరుకుతోందా, వరుసగా రెండు షిఫ్టులు చేయవలసి వస్తోందా, క్వార్టర్స్ ఉన్నాయా, చేరినప్పుడు ఇచ్చిన శిక్షణ తరువాత మళ్లీ ఏదైనా శిక్షణ ఇచ్చారా అని అడగండి. పద్దెనిమిది గంటలు నిలబడిన మనిషి నుంచి ఓర్పును ఆశించలేము. ఆ అలసటే ఒక మాట ఎక్కువ అనడానికి, ఒక దెబ్బ వేయడానికి దారితీస్తుంది. అక్కడితో సంస్కరణ గురించి మాట్లాడే నైతిక హక్కు ఆ వ్యవస్థకు పోతుంది.

విచారణ ఖైదీలను వేరుగా లెక్కించండి

శిక్షపడినవారికి ఉద్దేశించిన కార్యక్రమాలు విచారణ ఖైదీలకు చాలావరకు వర్తించవు. చట్టప్రకారం వారిని పని చేయమని నిర్బంధించరాదు, ఎన్నాళ్లు ఉంటారో ఎవరికీ తెలియదు కాబట్టి ఆరు నెలల కోర్సులో చేర్చుకోరు. నూటికి 76 మంది ఇలా ఏ ప్రణాళికలోనూ లేకుండా ఉంటే, మిగిలిన పాతికమంది కోసం ఉన్న సిబ్బంది కూడా వీరి వాయిదాలు, ములాఖత్‌లు, కొత్త రాకల నమోదుతోనే అలసిపోతారు. కాబట్టి విచారణ ఖైదీల సంఖ్య తగ్గించడం శిక్షపడినవారి సంస్కరణకు చేసే అతి పెద్ద మేలు.

దానికి మూడు మార్గాలు చేతిలోనే ఉన్నాయి. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, ఆరోపించిన నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో సగం కాలం గడిపిన విచారణ ఖైదీని, అంతకుముందు ఏ కేసులోనూ శిక్షపడనివారైతే మూడోవంతు గడిపినవారిని, జామీను లేదా బాండు మీద విడుదల చేయాలి. కోర్టుకు దరఖాస్తు పంపవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. మరణశిక్ష, యావజ్జీవం పడగల నేరాలకు, ఒకటికంటే ఎక్కువ కేసులు నడుస్తున్నవారికి ఇది వర్తించదు. ఈ నిబంధన అంతకుముందు నమోదైన కేసులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. రెండోది, జిల్లా జడ్జి అధ్యక్షతన పనిచేసే విచారణ ఖైదీల సమీక్షా కమిటీ. అది చివరిసారి ఎప్పుడు సమావేశమైంది, ఎంతమంది పేర్లు సిఫారసు చేసింది, వారిలో ఎంతమంది బయటికి వచ్చారు అన్న మూడు సంఖ్యలు అడగండి. మూడోది, జామీను మంజూరైనా పూచీకత్తు కట్టలేక లోపలే ఉన్నవారికోసం 2023లో కేంద్రం ప్రారంభించిన పేద ఖైదీల సహాయ పథకం. విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు, జరిమానా కట్టలేని శిక్షపడిన ఖైదీకి 25,000 రూపాయల వరకు సాయం అందించాలని 2023లో నిర్ణయించారు. మీ జిల్లాలో జామీను వచ్చి వారం దాటినా విడుదల కానివారు ఎందరున్నారో అడిగి, ఆ జాబితా జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి దగ్గర ఉందో లేదో చూడండి. జాతీయ న్యాయసేవాధికార సంస్థ (నల్సా) ఉచిత న్యాయసహాయ నంబరు 15100ను కుటుంబాలకు చెప్పండి.

శిక్షపడినవారి వైపు చూస్తే, ఓపెన్ జైళ్లే నాకు అన్నిటికంటే నమ్మదగిన మార్గంగా కనిపిస్తాయి. తెలంగాణలో చర్లపల్లి ఖైదీల వ్యవసాయ క్షేత్రం, ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం దగ్గర రెడ్డిపల్లి ఓపెన్ జైలు ఇందుకు ఉదాహరణలు. తెలంగాణలో ఖైదీలు పనిచేస్తున్న జైళ్ల శాఖ పెట్రోల్ బంకులు కూడా అదే ఆలోచన నుంచి వచ్చినవే: మనిషిని నమ్మి బాధ్యత అప్పగిస్తే కాపలా అవసరం తగ్గుతుంది, మిగిలిన సిబ్బంది సంస్కరణ మీద దృష్టి పెట్టగలరు. కాబట్టి ఓపెన్ జైలులో ఖాళీలు ఉండగా మూసిన జైలులో అర్హత గలవారు ఎంతమంది ఎదురుచూస్తున్నారు, వారి ఎంపిక ఏ దశలో ఆగింది అన్న ప్రశ్న మీ జాబితాలో పైన ఉండాలి.

నివేదిక రాసే తీరు

ఖైదీ పేరు, నంబరు, గుర్తుపట్టగల వివరం ఏదీ రాయవద్దు. మీరు వెళ్లిపోయాక వారు అక్కడే ఉంటారు. ప్రతి లోపం పక్కన దానికి కారణం రద్దీయా, కాపలా సిబ్బంది కొరతా, నిపుణుల పోస్టులు మంజూరు కాకపోవడమా అని విడదీసి రాయండి, ఎందుకంటే ఒక్కొక్కదానికి జవాబు చెప్పవలసినవారు వేరు. రద్దీ అయితే సమీక్షా కమిటీకి, జిల్లా జడ్జికి వెళ్లాలి. ఖాళీలైతే జైళ్ల శాఖ డైరెక్టర్ జనరల్‌కు, హోం శాఖకు వెళ్లాలి. ఎస్కార్ట్ అయితే జిల్లా ఎస్పీకి వెళ్లాలి. వైద్యుడు లేకపోతే జిల్లా వైద్యాధికారికి కూడా ప్రతి పంపండి. హింస లేదా ప్రాణాపాయం కనిపిస్తే నివేదిక పూర్తయ్యేదాకా ఆగకుండా అదే రోజు జిల్లా జడ్జికి, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు రాయాలి.

జైలు అధికారులకు ముసాయిదా చూపించి వారి వివరణ తీసుకుని నివేదికలో చేర్చండి. సూపరింటెండెంట్లు ఏళ్ల తరబడి పై కార్యాలయాలకు రాసి జవాబు రాని లేఖలు ఎన్నో ఉంటాయి. వాటి తేదీలు మీ నివేదికలో చేరితే అది వారికీ బలమే. ఆరు నెలల తరువాత అవే ప్రశ్నలతో, అవే రిజిస్టర్లతో మళ్లీ వెళ్లి, పగటి షిఫ్టులో ఒక్కొక్క వార్డర్‌కు వచ్చే ఖైదీల సంఖ్య, పనిగది తెరిచిన రోజులు, ఎస్కార్ట్ అందని వాయిదాలు పాత లెక్కల పక్కన రాసి, రెండో నివేదికను కూడా మొదటిది పంపిన చిరునామాలన్నిటికీ పంపండి.